కోసిన కాయ కూడా ఊపిరి పీలుస్తుంది

మా బడి శంషాబాదు దగ్గర ఉంది. నేను పాఠం చెబుతూ ఉండగానే ఒక్కొక్క విమానం తల మీదుగా పోతుంటుంది. ఆ చప్పుడు తగ్గేదాకా సుద్దముక్క పట్టుకొని ఆగుతాను. పిల్లలు కిటికీ వైపు చూస్తారు. 2008 మార్చిలో విమానాల రాకపోకలు బేగంపేట నుంచి ఇక్కడికి మారినప్పటి నుంచి మాకు ఇది అలవాటే.

విమానంలో మనుషులే పోతారని మీరు అనుకుంటారు. కాని వాళ్ల కాళ్ల కింద, విమానం పొట్టలో, సరుకు కూడా పోతుంది. మందులు, యంత్ర భాగాలు, పూలు, కూరగాయలు పోతాయి. వేసవి వస్తే మామిడికాయలు పోతాయి. మొన్న చెట్టు మీద ఉన్న కాయ ఇవాళ సముద్రం దాటి పరదేశంలో అంగట్లో కూర్చుంటుంది. అక్కడికి చేరేసరికి అది ముడతలు పడకూడదు, మెత్తబడకూడదు, కుళ్లకూడదు. కొన్నవాడి ఇంట్లో సరిగ్గా పండాలి. రుచి తగ్గకూడదు.

ఇదెలా సాధ్యం? "చల్లగా ఉంచితే సరి" అంటారు మీరు. ఒకప్పుడు నేనూ అలాగే అన్నాను. అలా అన్నందుకు ఒక కుటుంబం నష్టపోయింది. ఆ సంగతే ముందు చెబుతాను.

నేను చెప్పిన తప్పు జవాబు

కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. వాళ్ల నాన్న షాద్‌నగర్ వైపు ఒక మామిడితోట గుత్తకు తీసుకున్నాడు. ఆ ఏడు కాపు బాగా వచ్చింది. అందరికీ ఒకేసారి రావడంతో ధర పడిపోయింది. మూడు వారాలు ఆగితే మంచి ధర వస్తుందని ఆయన ఆశ. ఒకరోజు ఆ అబ్బాయి నన్ను అడిగాడు: "సార్, ఎంత చల్లగా పెడితే అన్ని ఎక్కువ రోజులు ఆగుతాయి గదా?"

నేను ఆలోచించకుండా "అవును" అన్నాను.

వాళ్లు అరవై పెట్టెల పచ్చికాయలను ఒక శీతల గిడ్డంగిలో పెట్టారు. అది మిరపకాయలూ చింతపండూ దాచే గిడ్డంగి. లోపల 5 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనం. ఇరవై రోజుల తరువాత పెట్టెలు విప్పి చూస్తే కాయలు పచ్చగా, గట్టిగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఇంటిల్లిపాదీ సంతోషించారు. బయట పెట్టిన మూడో రోజుకు తోలు మీద బూడిదరంగు గుంటలు పడ్డాయి. అవి నల్లబడ్డాయి. కాయలు పండలేదు. కోసి నోట్లో వేసుకుంటే తీపీ లేదు, పులుపూ లేదు. లారీ కిరాయి కూడా రాలేదు.

ఆ అబ్బాయి నన్ను ఏమీ అనలేదు. కాని నా జవాబులో తప్పెక్కడుందో వెతకవలసిన పని నా మీద పడింది. వెతకగా తెలిసింది ఒక్క మాటలో ఇది: కోసిన కాయ వస్తువు కాదు, ప్రాణి. దాన్ని దాచడమంటే గోధుమల బస్తాను దాచినట్టు కాదు. ఒక ప్రాణి ఊపిరిని, అది ఆగిపోకుండా, నెమ్మది చేయడం.

చెట్టు నుంచి తెంచినా బ్రతికే ఉంటుంది

శ్వాసక్రియ గురించి మీరు చదువుకున్నారు. జీవకణం చక్కెరను ఆక్సిజన్‌తో కలిపి శక్తిని పొందుతుంది. కార్బన్ డయాక్సైడు, నీరు బయటికి వస్తాయి. చెట్టు మీద ఉన్న కాయ చేసే పని ఇదే. తెంచిన తరువాత కూడా ఇదే. తేడా ఒక్కటే. చెట్టు మీద ఉన్నంతకాలం ఖర్చయిన చక్కెరకు బదులు ఆకులు మళ్లీ పంపుతాయి. వేళ్లు నీరు పంపుతాయి. తొడిమ తెగిన క్షణం నుంచి రాబడి లేదు, ఖర్చే. ఇంటిలో ఉన్నది వండుకు తినడమే.

ఆ ఖర్చు లెక్క చూడండి. 180 గ్రాముల గ్లూకోజు 192 గ్రాముల ఆక్సిజన్‌తో కలిస్తే 264 గ్రాముల కార్బన్ డయాక్సైడు, 108 గ్రాముల నీరు వస్తాయి. దానితోపాటు సుమారు 2,800 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. అంత శక్తితో తొమ్మిది లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచవచ్చు. కోసిన కాయలో ఈ శక్తిలో చాలా భాగం వేడిగానే బయటపడుతుంది. గంపలో ఒత్తుగా పేర్చిన కాయల మధ్యలో చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉండడానికి కారణం ఇదే.

నమ్మకం కలగకపోతే మీరే చేసి చూడండి. రెండు పెద్ద గాజు సీసాలు తీసుకోండి. రెండింటిలోనూ చిన్న గిన్నెతో సున్నపుతేట పెట్టండి. ఒక సీసాలో నాలుగు సపోటాలు వేయండి. రెండోది ఖాళీగా వదిలేయండి. రెండింటికీ మూతలు బిగించండి. మరునాడు సపోటాల సీసాలో సున్నపుతేట పాలలా తెల్లబడుతుంది. రెండోది దాదాపు తేటగానే ఉంటుంది. మీరు ఊది చేసే ప్రయోగాన్ని సపోటాలు తమంతట తామే చేశాయన్నమాట!

పండ్లలో రెండు తెగలు

పచ్చి మామిడికాయను ఇంట్లో పెడితే పండుతుంది. పచ్చి ద్రాక్షను పెడితే పండుతుందా? ఎండి ముడతలు పడుతుందే గాని పుల్లనిది పుల్లగానే ఉంటుంది. ఎందుకీ తేడా?

1920లలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కోసిన ఆపిల్ పండ్లు ఎంత కార్బన్ డయాక్సైడు వదులుతున్నాయో రోజూ కొలిచారు. కొన్నాళ్లు శ్వాస నెమ్మదిగా సాగింది. ఒక దశలో ఉన్నట్టుండి పెరిగి, శిఖరానికి చేరి, మళ్లీ తగ్గింది. ఆ పెరుగుదల సమయంలోనే ఆపిల్ పండింది. కాయ పండు కావడం ఒక పెద్ద పని. పిండిపదార్థం చక్కెర కావాలి, ఆమ్లం తగ్గాలి, గట్టి గోడలు మెత్తబడాలి, రంగు, వాసన పుట్టాలి. ఆ పనికి శక్తి కావాలి, అందుకే ఆయాసం.

మామిడి, అరటి, సపోటా, బొప్పాయి, సీతాఫలం, టమాటా ఈ తెగవి. వీటిని ముదిరిన కాయలుగా కోసి, దారిలో ఆపి, గమ్యంలో పండించవచ్చు. ద్రాక్ష, బత్తాయి, నిమ్మ, దానిమ్మ, అనాస రెండో తెగవి. వీటికి ఆ ఆయాసం లేదు. చెట్టు మీద ఎంత తీపి ఎక్కిందో అంతే. కోసిన తరువాత ఎవరూ కలపలేరు. కాబట్టి మొదటి తెగను దాచడమంటే ఆ శిఖరం రాకుండా వాయిదా వేయడం. రెండో తెగను దాచడమంటే వచ్చిన రుచిని జారిపోకుండా పట్టుకోవడం.

కాయకూ కాయకూ మధ్య కబురు

మామిడికాయలను వరిగడ్డిలో మాగవేయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. మా అమ్మమ్మ రోజూ గడ్డి తీసి చూసి, పండిన వాటిని ఏరి పక్కన పెట్టేది. "పండినదాన్ని పచ్చివాటిలో ఉంచితే అన్నీ ఒక్కసారే పండి కూర్చుంటాయి" అనేది. ఆమెకు రసాయనశాస్త్రం రాదు. కాని ఆమె మాట నిజం.

1901లో రష్యాలో నెల్యుబోవ్ అనే యువకుడు ప్రయోగశాలలో మొలకెత్తిన బఠానీ మొక్కలు నిటారుగా పెరగకుండా అడ్డంగా పాకడం గమనించాడు. దీపాలకు వాడే గ్యాసులో ఉన్న ఇథిలీన్ అనే వాయువే అందుకు కారణమని తేల్చాడు. 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్ పండిన ఆపిళ్లు తామే ఇథిలీన్‌ను తయారుచేసి వదులుతాయని నిరూపించాడు. మొదటి తెగ పండ్లు పండే వేళకు ఈ వాయువును ఎక్కువగా వదులుతాయి. పక్క కాయకు అది తగలగానే అది కూడా పండడం మొదలుపెట్టి తన వంతు వాయువు వదులుతుంది. పది లక్షల పాళ్ల గాలిలో ఒక్క పాలు ఇథిలీన్ ఉన్నా చాలు, కబురు అందినట్టే. గడ్డి చేసే పని ఈ వాయువు చెదిరిపోకుండా పట్టి ఉంచడమే.

ఒక పచ్చి మామిడికాయను పండిన అరటిపండుతో కలిపి కాగితపు సంచిలో పెట్టండి. అదే చెట్టు కాయ మరొకదాన్ని ఒంటరిగా వేరే సంచిలో పెట్టండి. ఏది ముందు పండుతుందో చూసి తేదీలు రాసుకోండి.

ఈ కబురును దొంగచాటుగా పంపేవాళ్లూ ఉన్నారు. కాల్షియం కార్బైడుకు తేమ తగిలితే అసిటిలీన్ వాయువు వస్తుంది. అది ఇథిలీన్‌ను కొంత అనుకరిస్తుంది. కాయ పచ్చగా, లేతగా ఉన్నా పైరంగు పసుపుగా మారుతుంది. లోపల తీపి రాదు. పైగా కార్బైడులో ఆర్సెనిక్, భాస్వరపు మలినాలు ఉంటాయి. అందుకే దానితో పండ్లు మాగవేయడాన్ని మన దేశంలో చట్టం నిషేధించింది. దానికి బదులు మూసిన గదిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్ల లోపు ఇథిలీన్ వాయువును వాడవచ్చునని 2016లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతించింది. అది పండు సొంత కబురే కనుక, ముదిరిన కాయ మామూలుగానే పండుతుంది. కాని లేత కాయకు ఏ వాయువూ రుచి ఇవ్వలేదు.

చల్లదనం ఎంతవరకు?

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వద్దాం. రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. పండ్లలో స్థూలంగా 10 డిగ్రీలు తగ్గితే శ్వాస వేగం సగమో, అంతకంటె తక్కువో అవుతుంది. సగమనే అనుకుందాం. 40 డిగ్రీల ఎండలో ఒక గంటలో కరిగిపోయే ఆయుష్షు 30 డిగ్రీల దగ్గర రెండు గంటలు, 20 దగ్గర నాలుగు గంటలు, 10 దగ్గర ఎనిమిది గంటలు వస్తుంది. ఈ లెక్క చూస్తే "ఎంత చల్లగా ఉంటే అంత మంచిది" అనిపించడం సహజం. నాకూ అలాగే అనిపించింది.

కాని ఈ లెక్క ప్రాణం లేని వస్తువుకు చివరిదాకా చెల్లుతుంది, ప్రాణికి చెల్లదు. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది. అదే చలిలో వేరుసెనగ నూనె కారుతూనే ఉంటుంది. జీవకణం చుట్టూ ఉండే పలుచని పొరలో కూడా కొవ్వు పదార్థాలే ఉన్నాయి. మామిడి, అరటి వెచ్చని దేశాల బిడ్డలు. వాటి కణపొరలు చలికి కొబ్బరినూనెలా బిగుసుకుపోతాయని శాస్త్రజ్ఞుల వివరణ. బిగుసుకున్న పొర చిల్లులుపడి, లోపలి రసాలు కలగాపులగమవుతాయి. ఎంజైముల పని క్రమం తప్పుతుంది. దీన్ని శీతల గాయం అంటారు. చలిలో ఉన్నంతసేపు ఈ గాయం కనబడదు, ఎందుకంటే అక్కడ అన్ని పనులూ నెమ్మదే. వెచ్చదనంలోకి రాగానే బయటపడుతుంది. మా శిష్యుడి పెట్టెల్లో జరిగింది సరిగ్గా ఇదే. ఆ కాయలు గిడ్డంగిలో పచ్చగా కనిపించినప్పటికే దెబ్బతిన్నాయి.

పచ్చి మామిడికాయలకు తగిన చల్లదనం 12, 13 డిగ్రీలు. అక్కడ అవి రెండు మూడు వారాలు నిలుస్తాయి. అరటికి 13, 14 డిగ్రీలు. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు తోలు నల్లబడేది ఇందుకే. ద్రాక్ష సంగతి వేరు. అది చలిదేశాలలో కూడా పెరిగే తీగ. దానికి సున్నా డిగ్రీలు, ఇంకా అర డిగ్రీ తక్కువైనా హాయే. మరి గడ్డకట్టదా? రసంలో చక్కెర కరిగి ఉంది కనుక దాని ఘనీభవన స్థానం నీటికంటె తక్కువ. మీ పాఠంలోని ద్రావణాల సూత్రం ద్రాక్షగుత్తిలో పనిచేస్తోంది చూశారా!

ద్రాక్ష అంటే మన ప్రాంతానికి పాత చుట్టమే. అనాబ్-ఎ-షాహి అనే తెల్ల ద్రాక్ష 1890 ప్రాంతంలో హైదరాబాదులో ఒక ఇంటి పెరట్లో అబ్దుల్ బాకర్ ఖాన్ నాటిన తీగ నుంచి పేరుకెక్కింది. నా చిన్నతనంలో నగరం చుట్టూ ద్రాక్షపందిళ్లు ఉండేవి. ఇప్పుడు చాలావరకు ఇళ్ల స్థలాలైపోయాయి. ద్రాక్షకు చలి భయం లేకపోయినా బూజు భయం ఉంది. అందుకని పెట్టెలో గుత్తుల మీద సోడియం మెటాబైసల్ఫైటు ఉన్న కాగితం పరుస్తారు. తేమ తగిలి దాని నుంచి సల్ఫర్ డయాక్సైడు కొద్దికొద్దిగా వెలువడి బూజును అణచివేస్తుంది. మోతాదు మించితే ద్రాక్షలే రంగు వెలిసిపోతాయి.

తోలు, మైనం, గాలి

మామిడిపండులో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే. ఆ నీరు తోలులోంచి, తొడిమ మచ్చలోంచి ఆవిరవుతూనే ఉంటుంది. బరువులో ఐదారు శాతం పోయేసరికి చాలా పండ్లు వాడి ముడుచుకుంటాయి. అమ్మేవాడికి రెండు నష్టాలు: తూకం తగ్గుతుంది, ధర తగ్గుతుంది. అందుకే మంచి గిడ్డంగిలో చల్లదనం ఒక్కటే చాలదు. గాలిలో తేమ నూటికి 85 నుంచి 90 పాళ్లు ఉండేటట్లు చూస్తారు.

మరొక ఉపాయం మైనపు పూత. పండ్ల తోలు మీద ప్రకృతి ఇచ్చిన మైనం సన్నని పొరగా ఉంటుంది. కడిగినప్పుడు అది కొంత పోతుంది. దానికి బదులు తేనెమైనం, కార్నౌబా అనే తాటి జాతి చెట్టు మైనం, లక్క వంటివాటిని పలుచగా పూయడానికి మన చట్టం ఒప్పుకుంటుంది. ఆ సంగతి చీటీ మీద రాయాలి. ఇక్కడ కూడా ప్రాణి అన్న సంగతి మరవకూడదు. పూత మందమైతే ఆక్సిజన్ లోపలికి పోదు. అప్పుడు పండు ఆక్సిజన్ లేని శ్వాస మొదలుపెట్టి చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. పులిసిన వాసన కొడుతుంది. గాలాడని పాలిథీన్ సంచిలో మూతి బిగించి పెట్టిన పండ్లకు పట్టే గతి కూడా ఇదే.

గాలిని పూర్తిగా ఆపకుండా కొంత తగ్గిస్తే? 1821లోనే ఫ్రాన్సులో బెరార్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆక్సిజన్ లేనిచోట పండ్లు పండవని చూపాడు. నూరేళ్ల తరువాత కిడ్, వెస్ట్ ఆ ఆలోచనను గిడ్డంగికి తెచ్చారు. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్లు. దాన్ని రెండు మూడు పాళ్లకు తగ్గించి, కార్బన్ డయాక్సైడును కొంచెం పెంచితే ఆపిల్ చల్లగదిలో నెలల తరబడి నిద్రపోతుంది. శరదృతువులో కోసిన ఆపిల్‌ను మనం వేసవిలో తినగలగడానికి ఇది ఒక కారణం.

మరో మార్గం కబురు చెవిన పడకుండా చేయడం. 1990లలో అమెరికాలోని ఉత్తర కరొలీనా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ సిస్లర్, సిల్వియా బ్లాంకెన్‌షిప్ మిథైల్ సైక్లోప్రొపీన్ అనే వాయువుకు పేటెంటు పొందారు. కణంలో ఇథిలీన్ తాళంచెవిలా పట్టే తాళం ఒకటి ఉంది. ఈ వాయువు ఆ తాళంలో దూరి కూర్చుంటుంది. తెరవదు, ఇథిలీన్‌ను రానివ్వదు. కొత్త తాళాలు తయారయ్యేదాకా పండు పండదు.

తోట నుంచి విమానం దాకా

ఇన్ని ఉపాయాలున్నా ఒక మాట గుర్తుంచుకోండి: గిడ్డంగి పండు గుణాన్ని పెంచలేదు. ఉన్నదాన్ని కాపాడగలదు, అంతే. గుణం తోటలోనే నిర్ణయమవుతుంది.

కాయ ముదిరిందా లేదా ముందు చూడాలి. ముదిరిన మామిడికాయకు భుజాలు తొడిమకంటె పైకి ఉబ్బుతాయి. నీళ్ల బకెట్‌లో వేస్తే ముదురుకాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. ముదిరేకొద్దీ లోపల ఘనపదార్థం పెరిగి సాంద్రత నీటిని మించుతుంది కదా! కాయను రాళ్లతో, కర్రతో రాల్చకూడదు. గడకు చిక్కం కట్టి, కొంచెం తొడిమతో దించాలి. తరువాత తొడిమ కత్తిరించి కాయను తలకిందులుగా నిలిపితే సొన కిందికి కారిపోతుంది. సొన తోలు మీద పడితే కాలినట్టు మచ్చలవుతాయి. ఆ మచ్చల్లోంచి, దెబ్బ తగిలిన చోట్లనుంచి బూజు లోపలికి దూరుతుంది. దెబ్బతిన్న కాయ శ్వాస పెరుగుతుంది, ఇథిలీన్ కూడా ఎక్కువ వదులుతుంది. ఒక కాయకు తగిలిన దెబ్బ పెట్టెకంతా తగులుతుందన్నమాట.

పొద్దున్నే కోసి, నీడలో ఉంచి, వీలైనంత త్వరగా చల్లబరచాలి. తోటవేడిని ఆరంభంలోనే తీసివేయాలి. కొల్లాపూరు నుంచో జగిత్యాల నుంచో వచ్చే కాయ ఎన్నిసార్లు ఎక్కి దిగుతుందో ఆలోచించండి. తోటలో ఒకసారి, మార్కెట్టులో ఒకసారి, వ్యాపారి గోదాములో ఒకసారి. హైదరాబాదు పండ్ల మార్కెట్టు 2021లో గడ్డిఅన్నారం నుంచి బాటసింగారానికి మారింది. మార్కెట్టు ఎక్కడున్నా ఎక్కించే, దించే చేతులు మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

పరదేశానికి పోయే కాయకు మరొక పరీక్ష ఉంది. పండుఈగ కాయలో గుడ్లు పెడుతుంది. ఆ పురుగు తమ దేశంలోకి రాకూడదని ప్రభుత్వాలు షరతులు పెడతాయి. పండుఈగలు కనబడినందుకే 2014 మేలో ఐరోపా సమాఖ్య మన మామిడిని ఆపివేసి, 2015 మొదట్లో మళ్లీ అనుమతించింది. జపాను 2006లో మన మామిడికి తలుపు తెరిచినప్పుడు వేడి ఆవిరి చికిత్స కావాలంది. అమెరికా 2007లో గామా కిరణాల చికిత్స కోరింది. వేడి చికిత్సలో కాయను 47, 48 డిగ్రీల దాకా వేడిచేస్తారు. పురుగు చావాలి, కాయ చావకూడదు. ఒకటి రెండు డిగ్రీల తేడాలో రెండు ప్రాణుల తీర్పు ఉంది.

చివరికి కాయ మా శంషాబాదుకు వస్తుంది. ఇక్కడి నుంచి దుబాయి సుమారు నాలుగు గంటల ప్రయాణం. గండం ఆకాశంలో లేదు, నేల మీద ఉంది. మే నెల మధ్యాహ్నం, విమానం పక్కన సిమెంటు నేల మీద పెట్టెలు ఎండలో నిలిస్తే, చల్లగదిలో పొదుపు చేసిన గంటలన్నీ నిమిషాల్లో ఖర్చవుతాయి. పైగా చల్లని పండు మీద వేడిగాలిలోని తేమ నీటి బొట్లుగా కూడుతుంది. చల్లనీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టే. ఆ తడి బూజుకు విందు. అందుకే సరుకుల విభాగంలో చల్లగదులుంటాయి. విమానం దాకా తీసుకుపోవడానికి చల్లదనం నిలిపే పెట్టెబళ్లు వాడతారు.

మన నగరం మందులకు పేరుపొందింది కనుక ఇదే విమానాశ్రయంలో మందుల పెట్టెలు కూడా చల్లగదుల్లో ఉంటాయి. రెండింటి పెట్టెలనూ పోల్చి చూడండి. మందుల పెట్టెను గట్టిగా మూస్తారు. మామిడి పెట్టెకు చిల్లులు ఉంటాయి. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.

కరెంటు లేని చల్లగది

ప్రతి రైతుకూ శీతల గిడ్డంగి దొరకదు. 1980లలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో సుశాంత రాయ్, ఖుర్దియా అనే శాస్త్రజ్ఞులు కరెంటు అక్కరలేని చల్లగదిని రూపొందించారు. దాన్ని మీ బడి ఆవరణలో మీరే కట్టవచ్చు.

చెట్టు నీడన ఇటుకలతో నేల పరచండి. దానిమీద రెండు వరుసల ఇటుకగోడ, ఒక దాని లోపల ఒకటి, నడుము దాకా రాకుండా, సుమారు 67 సెంటీమీటర్ల ఎత్తు కట్టండి. రెండు గోడల మధ్య ఏడున్నర సెంటీమీటర్ల సందు ఉంచి ఇసుక నింపండి. ఇసుకనూ ఇటుకలనూ ఉదయం, సాయంత్రం తడపండి. పైన గడ్డితో, వెదురుతో అల్లిన తడక మూతగా పెట్టండి. లోపల గాలాడే బుట్టలో పండ్లు ఉంచండి.

ఇది మన మట్టికుండ సూత్రమే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ల వేడి కావాలి. ఆ వేడిని గోడలనుంచి లాక్కుంటుంది. హైదరాబాదు వేసవిలో గాలి పొడిగా ఉంటుంది కనుక లోపల బయటికంటె 10 డిగ్రీలకు పైగా కూడా తగ్గవచ్చు. కాకినాడ, విశాఖపట్నం వంటి సముద్రతీరాన గాలిలో తేమ ఎక్కువ. అక్కడ అంత పనిచేయదు. చలి మితంగానే ఉంటుంది కనుక మామిడికి గాయం కాదు. తేమ ఎలాగూ లోపలే ఉంది.

మా బడిలో ఒకటి కట్టాం. ఇటుకలు మోసినవాళ్లలో చదువు ముగించుకుపోయిన ఆ అబ్బాయి కూడా ఉన్నాడు. అతను ఇప్పుడు నాన్నతో కలిసి తోట చూసుకుంటున్నాడు. తన తోటలోనూ ఇలాంటిదే కట్టుకున్నాడు. పచ్చికాయలను ఎక్కడికైనా పంపేముందు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడట: "లోపల ఎన్ని డిగ్రీలు?"

మీకొక పని మిగిలింది. శంషాబాదు నుంచి కర్నూలు దారిలో పోతే షాద్‌నగర్ దాటాక బాలానగర్ వస్తుంది. ఆ ఊరి పేరుతోనే ఒక సీతాఫలం రకం దేశమంతటా ప్రసిద్ధి. కోసిన మూడు నాలుగు రోజుల్లో పండి, పగిలిపోతుంది. చల్లగా పెడితే తోలు నల్లబడుతుంది. అందుకే ఎక్కువగా ఊరి రోడ్డు పక్కనే అమ్ముకుంటారు. లేదంటే గుజ్జు తీసి గడ్డకట్టిస్తారు. దాని ఊపిరిని నొప్పించకుండా నెమ్మది చేసే దారి మీలో ఎవరు కనుక్కుంటారో? రెండు కాయలు, ఒక తూనిక, ఒక థర్మామీటరు, తేదీలు రాసుకునే ఒక నోటుపుస్తకం చాలు, మొదలుపెట్టడానికి.